గోడకు ముందు దెబ్బ

"నేను నిద్రపోలేదు. ఇంకో కాలు కూడా విరగ్గొట్టుకోమనండి, విరగ్గొట్టుకుంటాను. ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను."

ఆస్పత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని, తుంటి దగ్గర్నుంచి మోకాలి దాకా ఇనుప చువ్వలు బిగించిన కాలిని కదపలేక, పైకప్పును చూస్తూ ఆ మాట అన్నది ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే మనిషి. అందరూ ఆమెను కోచ్ అనే పిలుస్తారు. ఇంట్లో అత్తగారు కూడా అంతే.

మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నావిడ డిటెక్టివ్. బీమా కేసులు తప్ప ఇంకేవీ ముట్టుకోదు. బీమా కంపెనీల వాళ్లు ఆమెకు వెటకారంగా "భూతద్దం" అని పేరు పెట్టారు. ఆవిడ ఆ పేరునే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించి ఆఫీసు గుమ్మానికి తగిలించింది.

"సగం ఇస్తామంటున్నారుగా" అంది భూతద్దం, మనిషి గట్టితనం ఎంతో చూద్దామని. "రెండో ఆపరేషనుకు సరిపోతుంది. కునుకు పట్టి గోడకు గుద్దానని ఒక్క ముక్క రాసిస్తే చాలు."

"రాసిస్తే? రేపు ఏ తల్లి తన బిడ్డను నా చేతికిచ్చి నీళ్లలోకి దింపుతుందక్కా? స్టీరింగు దగ్గర నిద్రపోయిన మనిషి కొలను గట్టు మీద మేలుకుని ఉంటుందని ఎవరు నమ్ముతారు?"

భూతద్దం తల ఊపింది. ఆ జవాబు ఆమెకు నచ్చింది.

"సరే. అసలు సంగతి ఎక్కడ చిక్కుకుందో ఒకసారి చెబుతాను, విను. నువ్వు మామూలు పాలసీతోపాటు ఇంకో రక్షణ కూడా కొనుక్కున్నావు. బీమా లేనివాడు నిన్ను గుద్దినా, గుద్దినవాడు దొరక్కుండా పారిపోయినా, వాడివ్వాల్సింది మీ కంపెనీయే నీకివ్వాలి. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది. ఆ రెండో బండి నీ కారును నిజంగా తాకి ఉండాలి. తాకిందని చూపించాల్సింది మనమే. వాళ్లేమో రెండో బండే లేదంటున్నారు."

"కంతులు కట్టించుకునేటప్పుడు మా కోడలు బంగారం. ఇవ్వాల్సొచ్చేసరికి దొంగ!" అన్నారు కిటికీ దగ్గర సంచులు సర్దుతున్న అత్తగారు. ఆవిడ ఉద్యోగకాలమంతా బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పారు. ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడినా వార్డు మొత్తానికి వినిపిస్తుంది. పక్క మంచం ఆవిడ ఉలిక్కిపడి దుప్పటి సర్దుకుంది.

"కోచ్, ఆ పొద్దున వంతెన ఎక్కేటప్పుడు ఏం జరిగిందో చెప్పు. గోడ సంగతి తర్వాత. ముందు సంగతి చెప్పు."

"వాన. మొదటి బ్యాచ్ పిల్లలు వచ్చేస్తారని వెళ్తున్నాను. వంతెన ఎక్కగానే వచ్చే మలుపు దగ్గర ఎవరో వెనక నుంచి తోసినట్టయింది. గుద్దడం కాదు, తోయడం. కొలనులో వెనక నుంచి వీపు మీద చెయ్యేసి నెడతారు చూడండి, అలా. బండి తిరిగిపోయింది. ఎదురుగా గోడ."

"ఆ క్షణంలో నువ్వేం చేస్తున్నావు?"

"కారు నడుపుతున్నాను."

"నడుపుతూ?"

కోచ్ అత్తగారి వైపు చూసింది. అత్తగారు సంచి జిప్పు వైపు చూశారు.

"మీరిద్దరూ చూపులతో మాట్లాడుకోవడం అయిపోతే నాకూ చెప్పండి" అంది భూతద్దం.

అత్తగారు సంచి వదిలేసి వచ్చి మంచం చివర కూర్చున్నారు. "నాతో మాట్లాడుతోందమ్మాయ్. చేతిలో ఫోను లేదు, ఒట్టు. కార్లో స్పీకరుంది కదా, అందులో. విజిల్ బల్ల మీద మర్చిపోయి వెళ్లిందని చెబుదామని నేనే చేశాను."

"ఈ సంగతి పోలీసులకు చెప్పారా?"

"ఎలా చెబుతాం? ఫోన్లో కబుర్లాడుతూ గుద్దేసిందని అనరూ!"

"కంపెనీ వాళ్లకు?"

"వాళ్లకసలే చెప్పలేదు."

భూతద్దం గట్టిగా నవ్వేసింది. "అమ్మా, మీరు దాచిన ముక్కే మీకు పనికొచ్చేది. నిద్రపోయిన మనిషి అత్తగారితో ఫోన్లో ఎలా మాట్లాడుతుంది?"

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈసారి ఆ చూపులో రహస్యం లేదు, వెర్రితనం మాత్రమే ఉంది.

"ఇప్పుడు మీరు చెప్పండమ్మా. ఆ ఫోన్లో మీ చెవికి ఏమేం వినిపించాయి? ఏది ముందు, ఏది వెనక?"

బస్టాండు హోరులో డ్రైవరు కేకకూ కండక్టరు ఈలకూ తేడా పట్టడం అలవాటైన చెవి అది. అత్తగారు కళ్లు మూసుకున్నారు. "ముందు ఒక మెత్తటి చప్పుడు. పరుపు మీద బస్తా పడేసినట్టు. తర్వాత కోచ్ 'ఏయ్, ఎవడ్రా' అని అరిచింది. ఆ తర్వాత గోడ చప్పుడు. అది జన్మలో మర్చిపోను."

"మెత్తగానా? ఇనుముకు ఇనుము తగిలినట్టు లేదా?"

"లేదమ్మాయ్. మెత్తగానే."

"ఆ తర్వాత?"

"నేను హలో హలో అంటున్నాను. ఇంతలోనే మగగొంతు. 'అమ్మా, కళ్లు తెరువమ్మా, అమ్మా' అంటూ. మన గొలుసన్నే! దేవుడిలా వచ్చి బయటికి లాగాడు."

"మీరు ఎన్ని హలోలు అన్నాక?"

"అదేం ప్రశ్న? రెండో, మూడో."

భూతద్దం ఇంకేదో అడగబోయేంతలో గుమ్మం దగ్గర నీడ పడింది. చేతిలో బత్తాయి పళ్ల సంచి, భుజం మీద ఇనుప గొలుసు. చెడిపోయిన బండ్లను లాక్కెళ్లే టోయింగ్ బండి నడుపుతాడతను. ఆ గొలుసు భుజం దిగదు గనక అందరికీ గొలుసన్న అయ్యాడు. ప్రమాదం జరిగిన రోజు నుంచీ ఒక్కపూట కూడా ఆస్పత్రికి రాకుండా లేడు.

"ఇవాళ పంపించేస్తారటగా అమ్మా. ఆ కాలితో కార్లో పట్టరు. నా బండిలో సీటు పొడుగ్గా ఉంటుంది. నేనే దింపేస్తాను."

"చూశావా?" అన్నారు అత్తగారు డిటెక్టివుతో, సొంత కొడుకును చూపిస్తున్నంత గర్వంగా.

"చూస్తున్నాను" అంది భూతద్దం. "అన్నా, ఆ పొద్దున నువ్వెక్కడున్నావు?"

"టీ కొట్టు దగ్గరండి. చప్పుడు వినపడగానే పరిగెత్తాను."

"ఏ టీ కొట్టు? వంతెన కింద ఉన్నదేనా?"

"అదేనండి."

"కింద నుంచి మలుపు దాకా పరిగెత్తావు. వానలో. ఎత్తు ఎక్కుతూ."

గొలుసన్న గొలుసును ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదకు మార్చుకున్నాడు. "భయంలో ఎలా వెళ్లానో నాకే తెలీదండి."

"గుద్దిన బండిని చూశావా?"

"తెల్ల వ్యానండి. నంబరు చూడలేదు. వాన కదండీ."

అతను మాట్లాడుతున్నంతసేపూ డిటెక్టివు మొహం వైపు చూడలేదు, కోచ్ కాలికున్న చువ్వల వైపే చూశాడు. జేబులో ఫోను మోగింది. తీసి చూసి కట్ చేశాడు. మళ్లీ మోగింది. ఈసారి మొహం వాడిపోయింది. "ఇప్పుడే వస్తానమ్మా" అంటూ వరండాలోకి వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడే కోచ్ ఫోను కూడా టింగుమంది. చదివి, ఫోనును భూతద్దం చేతికిచ్చింది. దెబ్బతిన్న వాహనాన్ని తుక్కు కింద అమ్మేశామనీ, ఈరోజే నలిపేస్తున్నారనీ కంపెనీ కబురు.

భూతద్దం కుర్చీలోంచి లేచిపోయింది. "కారు పోతే మన దగ్గర మిగిలేవి మూడు హలోలు. వాటిని ఎవడూ లెక్కచెయ్యడు. నేను యార్డుకు వెళ్తున్నాను."

"నేనేం చెయ్యాలక్కా?"

"నువ్వు చెయ్యాల్సింది చేస్తూనే ఉన్నావు. సంతకం పెట్టకు."

*

తుక్కు యార్డులో నలిగిన కార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మధ్యలో నాలుగు వేళ్ల ఇనుప పంజా వేలాడుతున్న పెద్ద యంత్రం, దాని పక్కన కార్లను నలిపే గుంట. పంజాకు నేరుగా కింద కోచ్ నీలం కారు. అప్పటికే దానికి నాలుగు పక్కలా సుద్దతో గుర్తులు వేసేశారు.

కారుకు ఆనుకుని, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బీమా కంపెనీ విచారణాధికారి. ఎవరి క్లెయిమైనా అతని చేతిలో పడితే సగానికి తెగుతుంది, లేదా పూర్తిగా తెగుతుంది. అందుకే "కత్తెర" అంటారు. ఒకప్పుడు భూతద్దమూ అతనూ ఒకే ఆఫీసులో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశారు. అప్పుడూ పడేది కాదు.

"రండి మేడం, రండి. కాస్త ఆలస్యమైంది. ఇది ఇప్పుడు కారు కాదు, పాత ఇనుము."

"కేసు తేలకుండానే?"

"తేలిపోయింది. మీ కోచ్‌కు కునుకు పట్టింది, గోడకు గుద్దింది. రెండో బండి ఉంటే గదా! అక్కడికి మొదట వెళ్లిన మనిషే మాకు చెప్పాడు, ఇంకే బండీ లేదని."

"మొదట వెళ్లిన మనిషంటే?"

"అదే, ఆ గొలుసువాడు."

భూతద్దం మొహంలో ఏ మార్పూ లేదు. లోపల మాత్రం లెక్క మొదలైంది. ఇందాక ఆస్పత్రిలో తెల్ల వ్యాను ఉంది. ఇక్కడికి వచ్చేసరికి వ్యాను మాయమైంది. ఒకే నోరు, రెండు మాటలు.

"కాసేపు కారు చూసుకోనివ్వండి" అంది.

"దేనికి?"

"ఓడిపోయానని నాకూ నమ్మకం కుదరాలి కదా."

ఆ మాట కత్తెరకు తియ్యగా తగిలింది. చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు. "తనివితీరా చూసుకోండి."

ఆమె ముందు భాగం వైపు వెళ్లనే లేదు. ఎడమ దీపం, బానెట్టు, చక్రం అన్నీ ముద్దైపోయి ఉన్నాయి. అది గోడ పని. దానితో ఎవరికీ పేచీ లేదు. నేరుగా వెనక్కి వెళ్లి, బురదలో మోకాళ్లూని కూర్చుంది.

నంబరు ప్లేటుకు అటొకటి ఇటొకటి నల్లటి మరకలు. ఒక్కో మరకా రెండు ముక్కలుగా ఉంది. కింది ముక్క బంపరు మీద, పైముక్క డిక్కీ మూత మీద. కానీ పైదానికీ కిందిదానికీ పొంతన లేదు. పైముక్కలు రెండూ పక్కకు జరిగి ఉన్నాయి. వేలికి ఉమ్ము తడి చేసి రుద్దింది. వేలికి నలుపు అంటింది గానీ రంగు కాదు, జిగురు లాంటిదేదో. వాసన చూసింది.

"రబ్బరు" అంది.

"టోయింగ్‌లో పడ్డ మరకలు. గొలుసులు కడతారు, పట్టీలు వేస్తారు. ఇవన్నీ మీకు కొత్తా?"

"టోయింగ్ ఎప్పుడు జరిగింది? గోడకు గుద్దక ముందా, గుద్దిన తర్వాతా?"

"ఇదేం పిచ్చి ప్రశ్న? తర్వాతే."

"డిక్కీ మూత ఎందుకిలా పక్కకు ఒరిగింది?"

"గోడకు కొట్టుకున్నప్పుడు తాళం విరిగి జరిగింది. మా రిపోర్టులోనే ఉంది."

"అంటే టోయింగ్ వాళ్లు వచ్చేసరికే మూత ఇలా ఒరిగిపోయి ఉంది."

"ఉంది. అయితే?"

"అయితే ఇలా వచ్చి నిలబడండి."

ఆమె లేచి, భుజాన్ని డిక్కీ మూతకు ఆనించి, పళ్లు బిగించి నెట్టింది. తుప్పు పట్టిన మడతబందులు కిర్రుమన్నాయి. మూత కొంచెం కదిలింది, ఇంకొంచెం కదిలింది, చివరికి తను పుట్టినచోటికి వచ్చి కూర్చుంది. ఆమె మూతను అలాగే భుజంతో అదిమిపట్టి, "ఇప్పుడు చూడండి" అంది.

పైముక్క, కిందిముక్క కలిసిపోయాయి. నంబరు ప్లేటుకు రెండు వైపులా రెండు నల్లటి చదరాలు. గీతలు గీసి కోసినంత శుభ్రంగా, లోపల అడ్డం నిలువు గళ్లతో సహా.

యంత్రం మీద కూర్చున్న ఆపరేటరు కూడా మెడ చాచి చూశాడు.

"మూత సరిగ్గా మూసి ఉన్నప్పుడు పడ్డ అచ్చు ఇది" అంది భూతద్దం, ఊపిరి అందక ఆగి ఆగి. "గోడకు తగిలాక పడి ఉంటే ముక్కలు ఇలా అతకవు. గోడ కంటే ముందే ఈ కారును ఇంకో బండి తాకింది. మీ షరతు అదే కదా, తాకి ఉండాలని? తాకింది. రెండు చేతులూ ఆనించి మరీ తాకింది."

కత్తెర నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది. "ఇలాంటివి వంద చూశాను. కోర్టులో నిలబడదు."

"కారు నిలబడితే ఇదీ నిలబడుతుంది. అందుకేగా నలిపేద్దామని ఇంత తొందర?" ఆమె ఫోనుతో గబగబా రెండు ఫోటోలు తీసుకుని, మూత వదిలేసి చేతులు దులుపుకుంది. "సరే, కారు గురించి చాలు. లారీ ముక్కుకు ఇనుము ఉంటుంది. వ్యాను ముక్కుకు ప్లాస్టిక్కు. ముక్కుకు రెండు రబ్బరు దిమ్మలు కట్టుకుని తిరిగే బండి ఏమిటి?"

ఆమె యార్డు మూల వైపు వేలు చూపించింది. అక్కడ యార్డు వాళ్ల టోయింగ్ బండి ఆగి ఉంది. ఆగిపోయిన బండ్లను వెనక నుంచి నెట్టడానికి దాని ముందు వైపున రెండు చదరపు రబ్బరు దిమ్మలు. వాటి మీద అడ్డం నిలువు గళ్లు.

"తోయడమే దాని పని. కోచ్ అదే అంది, గుద్దలేదు, తోశారని. వాళ్లత్తగారు కూడా అదే అన్నారు, చప్పుడు మెత్తగా ఉందని. ఊళ్లో ఇలాంటి బండ్లు చాలానే ఉంటాయి. ఒక్కో బండీ వెతుక్కుంటూ పోతాను."

"పోండి. ఆ గొలుసువాడి బండి కూడా చూసుకోండి. కొత్త దిమ్మలు, ఒక్క గీత ఉండదు."

చూపిస్తున్న వేలును ఆమె కిందికి దించింది.

"నేను గొలుసన్న మాటే ఎత్తలేదు" అంది భూతద్దం నెమ్మదిగా. "వాడి బండికి దిమ్మలు కొత్తవని మీకెలా తెలుసు? పాతవి ఏమయ్యాయి?"

కత్తెర జేబులోంచి రుమాలు తీశాడు. మొహం తుడుచుకోలేదు, చేతిలో నలుపుతూ ఉండిపోయాడు. ఆమె అప్పటికే కోచ్‌కు ఫోన్ చేస్తోంది. అత్తగారు రెండు మూడు హలోలు అనేలోపే కారు తలుపు దగ్గరికి చేరగలిగిన మనిషి టీ కొట్టు దగ్గర లేడు. వెనక బండిలోనే ఉన్నాడు.

ఫోన్ ఎత్తింది కోచ్. వెనక ఇంజను గురగుర, గాలి హోరు.

"అక్కా, పంపించేశారు. గొలుసన్న బండిలోనే వస్తున్నాం. కారు దొరికిందా?"

భూతద్దం గొంతులో ఏమీ తెలియనివ్వలేదు. "దొరికింది. నేనడిగేవాటికి అవును, కాదు అని మాత్రం చెప్పు. బండి ముందున్న రబ్బరు దిమ్మలు కొత్తవా?"

గాలి హోరులోంచి జవాబు వచ్చింది.

"అవును."

"మీ ఇంటి దారిలోనే వెళ్తున్నారా?"

"కాదు."

"అయితే విను. ఏమీ తెలియనట్టే ఉండు. నవ్వుతూ మాట్లాడు. నేను పోలీసులకు..."

"ఎందుకుండాలి?" అంది కోచ్. గొంతు తగ్గించలేదు. "కాలు విరిగింది నాది. నిద్రపోయిందన్న పేరు పడింది నాకు. ఇప్పుడు భయపడాల్సింది కూడా నేనేనా? అక్కా, స్పీకరు పెడుతున్నాను. నువ్వూ విను. అన్నా! ఆ పొద్దున నన్ను తోసింది నీ బండేనా?"

ఇంజను హోరు ఒక్కసారిగా పెరిగింది. "బండి ఆపు! పక్కకు తీసి ఆపు!" అని అత్తగారి గొంతు బస్టాండంతటినీ కదిపేసేంత గట్టిగా మోగింది. బ్రేకులు కీచుమన్నాయి. ఒకసారి పట్టక, రెండోసారికి పట్టాయి. తర్వాత వానలో తడిసిన మనిషి ఏడుపులాంటిదేదో.

"నా బండేనమ్మా" అన్నాడు గొలుసన్న. "కావాలని కాదు. మలుపులో బ్రేకు పట్టలేదు. మీ కారు తిరిగిపోతుంటే చూస్తూ ఉండిపోయాను. ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. పళ్లు తెస్తే పోతుందనుకున్నాను. పోలేదు."

"పారిపోయిన వ్యాను సంగతేంటి?" అంది కోచ్.

"వ్యాను లేదు. మీ మొహం చూసి ఏదో ఒకటి చెప్పాలని నోటికొచ్చింది చెప్పాను. తర్వాత ఆయన తిట్టాడు, కంపెనీకి మాత్రం అసలు ఏ బండీ లేదనే చెప్పాలి అని."

"ఆయనెవరు?" అంది భూతద్దం ఇటు నుంచి. అడుగుతూనే తన ఫోను కూడా స్పీకరులో పెట్టి, ఎదురుగా నిలబడ్డ మనిషి వైపు చూసింది.

"బండి నాది కాదు మేడం, జీతానికి నడుపుతాను. బ్రేకులు పోయాయి సార్, బండికి బీమా కూడా లేదు సార్ అని కాళ్లావేళ్లా పడ్డాను. ఇంకో నెల నడిపించు, ఏం కాదు అన్నాడు. బావమరిది పేరున కొన్నాడు గానీ సొంతదారు ఆయనే. మీ కోచ్ కేసు కూడా ఆయనే కావాలని అడిగి తీసుకున్నాడు. ఇందాక ఆస్పత్రికి ఫోన్ చేసి, కారు నలిగేదాకా వీళ్లని ఊరంతా తిప్పు, యార్డు దరిదాపులకు రానివ్వకు అన్నాడు. నా వల్ల కాలేదు. యార్డుకే తెస్తున్నాను. ఆయన మీ దగ్గరే ఉండుంటాడు. ఇస్త్రీ చొక్కా."

ఫోను పట్టుకున్న భూతద్దం చెయ్యి కిందికి దిగింది.

ఊళ్లో వాళ్ల దగ్గర బీమా కాగితం ఉందా లేదా అని జీవితమంతా గుచ్చిగుచ్చి అడిగిన మనిషి. కామా తప్పిందని విధవరాలి క్లెయిమ్ కొట్టేసిన మనిషి. అతని సొంత బండికే బీమా లేదు. అది గుద్దిన మనిషి కేసుకు అతనే విచారణాధికారి.

"నువ్వా?" అంది. ఇన్నేళ్లుగా అంటున్న 'మీరు' ఆ ఒక్క మాటతో పోయింది.

కత్తెర రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొహంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. "తాగుబోతు డ్రైవరు మాట. నీ ఫోటోలు దిద్దినవని ఒక్క నిమిషంలో తేల్చేస్తాను. మిగిలింది ఈ కారొక్కటే." గేటు వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు. "వాచ్‌మన్, గేటు మూసెయ్! ఎవరొచ్చినా తియ్యకు! ఏయ్ ఆపరేటర్, చూస్తావేంటి? దించు పంజా!"

గేటు గొళ్లెం పడింది. పైన పంజా వేళ్లు విచ్చుకుంటూ కిందికి జారడం మొదలైంది.

భూతద్దం గేటు వైపు చూడలేదు. ఆఫీసు గది వైపు పరిగెత్తలేదు. కారు కుడి తలుపు నలగలేదు. దాన్ని లాగి తెరిచి, గాజుపెంకులు దులిపి, డ్రైవరు సీట్లో కూర్చుంది. తలుపు వేసుకుంది. సీటు బెల్టు లాగి బిగించుకుంది. విరిగిన కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఇప్పుడు ఎత్తించు."

పంజా గాల్లో ఆగిపోయింది. "మనిషుంది సార్!" అని ఆపరేటరు కేకేశాడు.

"దిగుతుంది. నువ్వు దించు."

"నేను దించను. నా వల్ల కాదు." ఆపరేటరు నిచ్చెన మెట్లు గబగబా దిగి, చేతులు పైకెత్తి దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

కత్తెర చుట్టూ ఒకసారి చూశాడు. తర్వాత ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, యంత్రం నిచ్చెన ఎక్కాడు. క్యాబిన్ తలుపు వేసుకున్నాడు. ఏ పిడి ఏం చేస్తుందో తెలియక ఒక్కొక్కటే లాగుతున్నాడు. పంజా ఎడమకు ఊగింది, కుడికి ఊగింది, ధడాలున కారు పైకప్పు మీద పడింది. రేకు ఆమె తల దాకా వంగింది. ఇనుప వేళ్లు నాలుగు కిటికీల్లోంచి లోపలికి దిగి బిగుసుకున్నాయి.

ఒళ్లో ఫోను ఇంకా పలుకుతూనే ఉంది.

"అక్కా! ఆ చప్పుడేంటి? మేం గేటు దగ్గరికొచ్చాం, మూసి ఉంది. నువ్వెక్కడున్నావు?"

"నీ కార్లో. నీ సీట్లో."

వెనక చక్రాలు నేలను వదిలాయి.

"దిగనా కోచ్?"

గేటు అవతల గొలుసన్న బండి ఇంజను గర్జించింది.

"దిగకు" అంది కోచ్. "తల కిందికి వంచుకుని గట్టిగా పట్టుకో. మేం లోపలికి వస్తున్నాం."